సెలవు మీద వచ్చిన మనిషి

"అన్నా, కాలు తియ్యి. మిక్సీ పెట్టుకోవాల."

భారతి ఆ మాట అనడం అది రెండోసారి. వంటింటి గుమ్మం పక్కన, గోడకున్న ప్లగ్గు కింద, కుళ్లాయప్ప ఎడమకాలు చాపుకుని కూర్చున్నాడు. చేతిలోని టీ మీద మీగడ కట్టింది.

"ఇంత ఇల్లుండాది. వాకిట్లో కూచోరాదా? రోజూ ఈ మూలే కావల్లనా నీకు?"

"మిక్సీనే ఆడ పెట్టుకోరాదా?"

"ఆడ ప్లగ్గు యాడుండాది? నీ తలకాయలో ఉండాదా? బొరుగులు నాని ముద్దయిపోతాండాయి. పప్పులపొడి లేకుండా ఉగ్గాని తింటావా చెప్పు, నాకేం!"

చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చిన ఆమె మొగుడు శివప్ప నవ్వాడు. "ఆ మూల మా బావకు పట్టా ఇచ్చినారులేమే."

కుళ్లాయప్ప కాలు ముడుచుకుని లేచాడు. చీలమండ చుట్టూ వెంట్రుకలు లేని నున్నటి చర్మం, ఒక వేలు వెడల్పున, నల్లగా మెరుస్తూ ఉంటుంది. లుంగీ కిందికి లాక్కున్నాడు. మిక్సీ గర్రుమంది.

అమెరికాలో అతని కాలికి ఒక నల్లటి పట్టీ ఉండేది. ఎక్కడికి పోయినా ఇమ్మిగ్రేషన్ ఆఫీసువాళ్లకు తెలిసేందుకు కట్టిన యంత్రం అది. ఫోనుకు పెట్టినట్టే దానికీ రోజూ ఛార్జింగ్ పెట్టాలి. పట్టీ కాలికే ఉంటుంది గనుక మనిషే పోయి గోడ పక్కన కూర్చోవాలి. పనికి పోయేముందు అతను టీ గ్లాసుతో ప్లగ్గు దగ్గర కాలు చాపుకునేవాడు. గుత్తి నుంచి వచ్చి అతని గదిలోనే ఉండే దోసె మాస్టరు జోయల్ ఎదురుగా కూర్చుని ఏదో ఒకటి మాట్లాడేవాడు. దేశానికి తిప్పి పంపించేటప్పుడు పట్టీ కత్తిరించి తీసుకున్నారు. కాలు మాత్రం పొద్దున్నే గోడ దగ్గరికి పోతూనే ఉంది. ఈ సంగతి చెల్లెలికి చెప్పలేదు. చెబితే ఆ మూల వదిలేసి మిక్సీ పెట్టుకోవడమే మానేస్తుంది.

ఉగ్గాని తిని, బావాబావమరుదులు ఇద్దరూ షెడ్డుకు బయలుదేరారు. శివప్పకు రాయదుర్గం చివర జీన్స్ ప్యాంట్లు కుట్టే చిన్న షెడ్డు ఉంది. అక్కడ కుళ్లాయప్ప పని, కుట్టిన ప్యాంట్ల కుట్ల దగ్గర వేలాడే దారాలు కత్తిరించడం. ముందు గదిలో మిషన్లుంటాయి, వెలుతురుంటుంది. అతను వెనక గదిలో గుట్టల మధ్య కూర్చుంటాడు. అమెరికా నుంచి సెలవు మీద వచ్చిన మనిషి దారాలు కత్తిరిస్తూ వీధిలోవాళ్లకు కనబడకూడదని భారతి పెట్టిన ఏర్పాటు అది.

సెలవు అన్న మాట కూడా ఆమెదే. చలికాలంలో అతను బెంగళూరులో విమానం దిగినప్పుడు చేతిలో ఉన్నది ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి. అందులో రెండు చొక్కాలు, ఒక పళ్లపొడి డబ్బా, లోపలున్నవి లోపలున్నట్టు కనబడుతున్నాయి. శివప్ప తెచ్చిన కారు దారిలో చళ్లకెరలో ఆగింది. భారతి ఫోనులో చెప్పినట్టే అతను ఒక పెద్ద నీలం పెట్టె కొన్నాడు. ఒంటిచేత్తో ఎత్తితే అనుమానం వస్తుందని అందులో బియ్యం మూట పెట్టాడు. పక్క అంగట్లో చాక్లెట్లు కొన్నాడు. ఇంటి ముందు పెట్టె దించడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది. వీధంతా చూసింది. ఆ బియ్యం వండుకుని తిన్నారు. పెట్టె బీరువా మీదికి ఎక్కింది. శుక్రవారం శుక్రవారం భారతి దాని మీది దుమ్ము తుడుస్తుంది.

"ఏమప్పా, సెలవు ఇంకా అయిపోలేదా?" ప్యాంట్ల గుట్టకు అవతల కూర్చున్న గంగక్క అడిగింది. ఆమెదీ దారాలు కత్తిరించే పనే.

"అయితాదిలే."

"చానా మంచి కంపెనీన్నా. మా శివప్పను చూడు, జ్వరమొచ్చినా సెలవీడు." కత్తెర ఆపకుండానే అంది. "మీ అమెరికా చాక్లెట్టు మా పాప తినింది. బలే ఉండాదంట. చళ్లకెర సంతలోనూ అదే కాగితంతో అమ్ముతాండారు. వాళ్లు ఎంత దూరం వ్యాపారం చేస్తాండారో!"

కుళ్లాయప్ప తలెత్తి చూశాడు. ఆమె ముఖంలో ఎగతాళి ఉంది, దాని కింద ఇంకేదో కూడా ఉంది. నీళ్ల సీసా అతని వైపు జరిపింది.

"తాగు. పొద్దున్నుంచి ఫోనే చూస్తాండావు."

అది నిజం. ఈ రోజు అమెరికాలో జోయల్ హాజరు. కాగితాలు లేనివాళ్లు అప్పుడప్పుడూ ఆ ఆఫీసుకు పోయి కనబడాలి. పోకపోతే ఇంటికొస్తారు. పోతే, సంతకం పెట్టించుకుని బయటికి పంపనూ వచ్చు, లోపలే పట్టి ఉంచనూ వచ్చు. కుళ్లాయప్పను ఒక హోటలు యజమాని కాగితాలతోనే వంటకు తీసుకుపోయాడు. ఆ హోటలు ఉన్నంతవరకే ఆ కాగితాలకు ప్రాణం. హోటలు మూతపడింది. "నేను చూసుకుంటాలే" అన్న యజమాని కనబడలేదు. గడువు దాటిన రోజున కూడా కుళ్లాయప్ప వేరే వంటింట్లో మామూలుగానే ఉల్లిపాయలు తరిగాడు. ఆ తర్వాత ఎప్పుడో, కారులో వెనక లైటు వెలగలేదని పోలీసులు ఆపి ఆ ఆఫీసుకు అప్పగించేవరకు, తరుగుతూనే ఉన్నాడు.

హాజరుకు ఒంటరిగా పోకూడదని వాళ్లలో ఒక పద్ధతి. తోడు వచ్చినవాళ్లు బయట కారులో కూర్చుంటారు. లోపలికి పోయేవాళ్లు ఫోను, మెడలో గొలుసు వాళ్లకిచ్చి పోతారు. కుళ్లాయప్ప లోపలే ఆగిపోయిన చివరి హాజరుకు కారులో కూర్చున్నది జోయలే. వాళ్లు ఆఫీసు తలుపులు మూసేదాకా కూర్చున్నాడట. ఈసారి జోయల్‌తో, అతను పనిచేసే హోటలు యజమానురాలు పద్మప్రియ పోతానంది.

సాయంత్రం గాలి లేచింది. కొండ మీది గాలిమరలు తిరుగుతున్నాయి. మబ్బులు వచ్చినట్టే వచ్చి కర్ణాటక వైపు పోయాయి. అమెరికాలో తెల్లారి, ఆఫీసు తెరిచే వేళకు ఇక్కడ దీపాలు పెట్టారు. ఫోనులో జోయల్ వాయిస్ మెసేజ్ వచ్చింది:

"కుళ్లాయన్నా, లోపలికి పోతాండా. నీ దోసెపెనం బాగుండాదిలే, రోజూ నూనె పూస్తాండా. వచ్చి ఫోను చేస్తా. టీ పెట్టుకో."

అతను నిజంగానే టీ పెట్టుకున్నాడు. ప్లగ్గుకు ఫోను తగిలించి, కింద కూర్చున్నాడు. భారతి ముద్ద కెలుకుతూ అతనివైపు చూసింది, కాలు తియ్యమనలేదు.

కంచాలు పెట్టేటప్పుడు ఫోను టింగుమంది. జోయల్ పేరు. కుళ్లాయప్ప ముఖం ఒక్కసారి విచ్చుకుంది.

మెసేజ్ వచ్చింది జోయల్ ఫోను నుంచే, రాసింది అతను కాదు. "అన్నా, నేను పద్మప్రియని. జోయల్ బయటికి రాలేదు. పంపించేస్తామని చెప్పారు. ఫోను, గొలుసు నా దగ్గరే ఉన్నాయి. ఏం చెయ్యాలో తెలియట్లేదు."

రెండుసార్లు చదివాడు. ప్లగ్గు నుంచి ఫోను తీసి, కంచం ముందు కూర్చున్నాడు. రెండు కాళ్లూ మడిచి కూర్చున్నాడు. భారతి రాగిముద్ద పెట్టి, పక్కన చెనిక్కాయల చట్నీ వేసింది.

"ఎవరన్నా?"

"జోయల్. పంపిస్తాండారంట."

శివప్ప నమలడం ఆపాడు. కుళ్లాయప్ప ముద్ద తుంచి, చట్నీలో అద్ది, తినకుండా పట్టుకున్నాడు.

"ఆడ వాకబు చేసి, ఆ పిల్లోడు దిగే రోజు నేనే బెంగళూరుకు పోతా. గుత్తికి ఇంటిదాకా పిల్చుకొని పోతా."

"నేనూ వస్తా బావా," అన్నాడు శివప్ప. "పోతాపోతా చళ్లకెరలో..."

"వద్దు. పెట్టె గిట్టె కొనొద్దు. చేతిలో ఏముంటే దాంతోనే దిగుతాడు. పక్కన నేనుంటా." ముద్ద మింగాడు. "ఇంకోటి. నేనింక పోయేది లేదు, శివప్పా. సెలవు లేదు, గిలవు లేదు. రేపట్నుంచి ముందర గదిలో కూచుంటా."

"ఊర్లో అడిగితే ఏం చెప్పాలన్నా?" భారతి గొంతు చిన్నదైంది.

"పంపిచ్చేసినారని చెప్పు."

ఆమె గరిటె తీసుకుని అతని కంచంలో ఇంత నెయ్యి వేసింది. అడగకుండానే ఇంకొంచెం వేసింది.

తిన్న కంచం కడిగి బోర్లించి, అతను చాప తీసుకుని వాకిట్లోకి పోయాడు. బీరువా మీద నీలం పెట్టె ఉంది. శుక్రవారం తుడిచిందే, అప్పుడే మళ్లీ దుమ్ము పట్టింది. దాని పిడికి అంగడిలో చుట్టిన పలచటి ప్లాస్టిక్ కాగితాన్ని ఇంతవరకు ఎవరూ విప్పలేదు.