ఇరవై ముగ్గురు, అందరూ క్షేమం

సుక్రు చచ్చిపోయి తొమ్మిది గంటలైనాక కూడా మా రిజిస్టర్లో వాడు క్షేమంగానే ఉన్నాడు. ఆ మాట రాసి కింద సంతకం పెట్టినవాణ్ణి నేనే. నా పేరు టైటస్. అరకు దాటాక కాఫీ తోటల కింద ఒక బాలుర పరిశీలన గృహం ఉంది, అందులో తొమ్మిదేళ్ళు కాపలా ఉద్యోగం చేశాను. ఇప్పుడు బెయిలు మీద బయటున్నాను. కాలేజీ పిల్లలూ, హాస్టల్ వర్కర్లూ, ఆసుపత్రి ఆయాలూ, మీరు పిలిచి మాట్లాడమన్నారు కాబట్టి మాట్లాడతాను. నన్ను మంచివాడనుకుని మాత్రం వినకండి.

పరిశీలన గృహం అంటే ఏదో బడి అనుకుంటారు. జైలే. గోడల మీద జింకల బొమ్మలు వేసిన జైలు. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళు కేసుల్లో దొరికితే అక్కడికి తెస్తారు. మా దగ్గర ఇరవై ముగ్గురు, అందులో సగానికి పైగా గంజాయి కేసులే. సుక్రుకి పద్నాలుగేళ్ళు. చెక్‌పోస్టు దగ్గర బస్తా మోస్తూ దొరికాడు. బస్తా ఎవరిదో వాడికి తెలీదు. బస్తా సొంతదారు పేరు ఏ కాగితంలోనూ లేదు, ఉండదు కూడా. వాడిది మా ఊరికి పై ఊరు. మిగతా పిల్లలంతా నన్ను సార్ అంటే వాడు మావా అనేవాడు.

మా పని పద్ధతి చెప్పాలి, లేకపోతే ఈ పాపం మీకు అర్థం కాదు. పొద్దున్న ఆరుకి ఒక కాపలా ఎక్కుతాడు, మధ్యాహ్నం రెండుకి ఇంకొకడు (అది నా డ్యూటీ), రాత్రి పదికి ఇంకొకడు. దిగేవాడూ ఎక్కేవాడూ కలిసి ప్రతి పిల్లాడి ముఖం చూసి లెక్కపెట్టాలి. తర్వాత "ఇరవై ముగ్గురు, అందరూ క్షేమం" అని రాసి ఇద్దరూ సంతకం చెయ్యాలి. రూలు అది. కానీ పొద్దుటి కాపలా భీముడికి బస్సు ఒంటిగంటన్నరకి. అది పోతే పదకొండు కిలోమీటర్లు కొండెక్కి నడవాలి. అందుకని వాడు ఎక్కగానే దిగే సంతకం కూడా పెట్టేసేవాడు. వాడు నాకోసం ఆగక్కర్లేకుండా నా సంతకం నేను ముందురోజే పెట్టి పోయేవాణ్ణి. తాళాలు వంట చేసే ఆనందమ్మ దగ్గర పెట్టి భీముడు బస్సెక్కేవాడు. గేటు కాపలాలూ, సెలవు రోజుల బదిలీవాళ్ళూ, వంటమనిషీ కలిపి మేం తొమ్మిదిమందిమి, అందరిదీ ఇదే తంతు. ఒకడికొకడు సాయం అనుకున్నాం.

సూపరింటెండెంట్ ధర్మతేజకి ఇదంతా తెలుసు. నవ్వేవాడు. "మీ సర్దుబాట్లు మీరు చేసుకోండి, పుస్తకం మాత్రం ఖాళీగా ఉండకూడదు" అనేవాడు.

జూన్లో జీవిత అని ఒకామె సంఘం ఫారాలు పట్టుకుని వచ్చింది. ఆమె కొండ కింద మైదాన ప్రాంతంలో ఆడపిల్లల గృహంలో పనిచేస్తుంది, బాలల గృహాల ఉద్యోగుల సంఘానికి జిల్లా కార్యదర్శి. గేటు బయట టీ కొట్టు దగ్గర మాతో మాట్లాడింది.

"సంఘమంటే ఏటమ్మా? ఉన్న ఉజ్జోగాలు ఊడబీకడానికా?" అన్నాడు భీముడు.

"మీవి కాంట్రాక్టరు ఉద్యోగాలు. ఊడబీకడానికి సంఘమే కావాలా? ఆయన ఫోన్ చేస్తే సాలదా?" అంది జీవిత.

అందరం నవ్వాం, ఫారాలు తీసుకున్నాం, ఒక్కరమూ నింపలేదు. ఆనందమ్మ వాటిని వంటింట్లో పప్పు డబ్బా అడుగున దాచింది. మేం ఎంత పిరికివాళ్ళమో చెప్పడానికి ఆ డబ్బా చాలు.

ఆగస్టులో పై ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చారు. పిల్లల్ని వరసగా నిలబెట్టి తిండి ఎలా ఉందని అడిగారు. బాగుంది సార్, బాగుంది సార్ అని వరసంతా చెప్పింది. సుక్రు వంతు వచ్చింది. "అన్నంలో పురుగులుంటన్నాయి సార్" అన్నాడు వాడు.

జీపు వెళ్ళాక ధర్మతేజ కేక కూడా వెయ్యలేదు. "వీడికి మాట్లాడాలని ఉంది. చిన్నగదిలో గోడతో మాట్లాడుకోనీ" అన్నాడు. చిన్నగది అంటే విరిగిన బల్లలు పడేసే గది. కిటికీ లేదు. వానలకి నేలంతా చెమ్మ. పిల్లాణ్ణి అలా ఒంటరిగా బంధించకూడదని మాకు ట్రైనింగ్‌లో చెప్పారు, చివర్న పరీక్ష పెడితే ఆ ప్రశ్నకి జవాబు సరిగ్గా రాసినవాణ్ణి నేనొక్కణ్ణే. తాళం వేసింది కూడా నేనే.

రెండోరోజుకి వాడికి జ్వరం. మూడోరోజు, బుధవారం సాయంత్రం, తలుపు కొడుతున్నాడు.

"మావా, సలేత్తంది. దుప్పటొకటియ్యి మావా."

"ఊరుకోరా. పెద్దాయన ఇంకా ఎల్లనేదు."

"ఊపిరాడతనేదు మావా."

ధర్మతేజ దగ్గరికి వెళ్ళాను. ఆసుపత్రికి తీసుకుపోతానన్నాను. ఆయన ఫోన్లోంచి తలెత్తలేదు. "కొండ పిల్లలయ్యా టైటస్. జ్వరం వీళ్ళకో లెక్కా? నీకంత జాలిగా ఉంటే గేటు తీసుకుని వాడితోపాటు నువ్వూ పో. మళ్ళీ లోపలికి రావద్దు."

వచ్చి కుర్చీలో కూర్చున్నాను. దుప్పట్ల అల్మారా తాళం నా నడుముకే ఉంది. పెద్దాయన వెళ్ళిపోయాక కూడా నేను లేవలేదు, పొద్దున్నే ఆయనకి ఎవరైనా చెబుతారేమోనని. తలుపు చప్పుడు వింటూనే ఉన్నాను. డ్యూటీ దిగేముందు మర్నాటి మధ్యాహ్నం సంతకం పెట్టేసి ఇంటికి పోయాను. ఇంట్లో అన్నం తిన్నాను, నిద్ర కూడా పట్టింది.

గురువారం రెండింటికి వచ్చేసరికి చప్పుడు లేదు. పడుకున్నాడు, హమ్మయ్య అనుకున్నాను. మూడింటికి ఆనందమ్మ కంచంలో అన్నం తీసుకొచ్చింది. తలుపు తీస్తే సగంలో అడ్డుపడింది. అడ్డుపడింది వాడే. తలుపు కింది సందులో వేళ్ళు పెట్టి బోర్లా పడి ఉన్నాడు, గాలికోసం కాబోలు. పట్టుకుంటే కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయి ఉన్నాయి. తలుపు చప్పుడు తెల్లారగట్ల ఆగిపోయిందని రాత్రి కాపలావాడు తర్వాత నాతో చెప్పాడు. ఆనందమ్మ కంచం కింద పెట్టి వాడి వేళ్ళు ఒక్కొక్కటీ సందులోంచి తీసింది.

ధర్మతేజ వచ్చి చూశాడు. చూసి, రిజిస్టరు తెప్పించాడు.

"బుధవారం రాత్రి క్షేమం. గురువారం ఆరుకి క్షేమం. రెండుకి క్షేమం, ఇదిగో నీ సంతకం. అంటే రెండు దాటాక మూర్ఛ వచ్చి పోయాడు. పెద్దగదిలో, అందరి మధ్యా. అవునా?"

"పొద్దున్నే పోయుంటాడు సార్."

"అలాగా. అయితే శవం క్షేమంగా ఉందని రాసిందెవరు? చిన్నగదిలో పెట్టమని నేను రాసిన కాగితం ఏదైనా ఉందా? తాళం ఎవరి దగ్గరుంది? ఆలోచించుకో. ఆ సంతకమే మీ అందర్నీ కాపాడుతుంది." పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. అప్పుడు తెలిసింది మాకు, మేం ముందు సంతకాలు పెడుతుంటే ఆయన ఇన్నాళ్ళూ ఎందుకు నవ్వేవాడో.

ఆదివారం ఆనందమ్మ వాళ్ళ ఊళ్ళో ఆరాధన అయిపోయాక చర్చి పక్క షెడ్డులో కూడాం. తొమ్మిదిమందిమీ వచ్చాం. జీవితకి మేమే ఫోన్ చేశాం. పప్పు డబ్బా అడుగున ఉన్న ఫారాలు ఇప్పుడు అందరికీ కావాలి. సంఘంలో ఉంటే పోలీసులు ముట్టుకోరని మా ఆశ.

"రాసుకోండి బేగి. మా జోలికి ఎవుడూ రాకుండా సూసుకుంటారు కదా?" అన్నాడు భీముడు.

జీవిత ఫారాలు ఇవ్వలేదు. "గుంటడు ఎప్పుడు పోయాడు?" అని అడిగింది.

"పుస్తకంలో ఉన్నాది కదా. రెండు దాటాక" అన్నాడు భీముడు.

"పుస్తకం మాట అడగలేదు బాబూ."

భీముడు మొహం తిప్పుకున్నాడు. ఆవిడే మళ్ళీ అంది. "నేనూ ఉన్నది చెప్పేస్తాను. పొద్దున్న మా సంఘం పైవాళ్ళు ఫోన్ చేశారు. చేరేవాళ్ళని చేర్పించు, చావు మాట ఎత్తకు, పర్మినెంట్ చెయ్యమనే మన డిమాండు పాడైపోద్ది అన్నారు."

"మంచిమాటే సెప్పారు" అన్నాడు భీముడు.

"ఏటి మంచి మాట?" ఆనందమ్మ లేచింది. "ఆ పుస్తకం మీద సంతకం పెట్టిన సెయ్యీ ఈ కాగితం మీద పెట్టే సెయ్యీ ఒకటి కాదేటి? ఆ గుంటడి ఏళ్ళు నాను తీసినాను సందులోంచి. మీరెవులైనా తీసినారా? మన పిల్లల్ని మన సేతే గదిలో కుక్కిస్తన్నాడు ఆ పెద్దాయన. తాళాలు మనకిచ్చి ఆడు కుర్సీలో కూకున్నాడు. మనం ఆడికి సేతులం, అంతే. ఇప్పుడు సంఘం పెట్టి ఆ సేతులకి తొడుగులేసుకుందామా?"

"ఓలప్పా, నాకు ముగ్గురు పిల్లలు" అన్నాడు భీముడు.

"సుక్రుగాడు ఎవలి పిల్లడు?"

వాదన పెద్దదైంది. ఒకళ్ళనొకళ్ళు నువ్వు పెట్టలేదా అంటే నువ్వు పెట్టలేదా అనుకున్నాం. ఇద్దరు కొట్టుకోబోతే మిగతావాళ్ళు పట్టుకున్నారు. అప్పుడే సుక్రు తల్లి సోములమ్మ షెడ్డులోకి వచ్చింది. తడిసి ఉంది. గురువారం మూర్ఛతో పోయాడని మాత్రం చెప్పి శవాన్ని ఇచ్చారట, కొండమీంచి నడిచొచ్చింది. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. ఒక్క మాట అడిగింది.

"నా గుంటడు ఏ పూట పోనాడు? బేస్తవారం పొద్దుట నాను సోళ్ళ సేలో కలుపు తీత్తన్నాను, మజ్జానం సంతకెల్లినాను. సంతలో నవ్వినాను కూడాను. ఏ పూటో సెప్పండి."

బతికినంతకాలం ఆమెకి కావలసింది అదొక్కటే, అది మా దగ్గర ఉంది, ఇస్తే మేం జైలుకి పోతాం. నేను లేచాను. ధైర్యంతో కాదు, కూర్చోలేక.

"తెల్లారగట్లే, అమ్మా. సిన్నగదిలో. జొరంతో. నేనే తాళం ఏశాను. దుప్పటి అడిగితే ఇవ్వలేదు. ఆడు బాగున్నాడని ముందే రాసి పెట్టేశాను."

"నీవేనా టైటస్ మావవి?" అంది ఆమె. "సూడ్డానికొచ్చినప్పుడు సెప్పినాడు. నీకాడ ఉన్నాడు గదా అని నాను నిబ్బరంగా ఉన్నాను."

కొడితే బాగుండేది. కొట్టలేదు. వెళ్ళి గోడకి ఆనుకుని కూర్చుంది.

భీముడు లేచి, "బేస్తవారం ఆరుకి నాను తలుపు తియ్యనేదు. రెండు సంతకాలూ అప్పుడే ఎట్టీసినాను" అన్నాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే చెప్పారు. జీవిత ఫోన్ ఆపేసి సంచిలో పడేసింది. "ఫారాలు నింపండి. ఫారంతోపాటు ఇంకో కాగితం రాయండి, ఏ రోజుల్లో చూడకుండా సంతకం పెట్టారో. ఈ కాగితం మిమ్మల్ని జైల్లో వెయ్యొచ్చు. నన్ను సంఘంలోంచి తీసెయ్యొచ్చు. తెలిసే రాయండి" అంది. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు, వాళ్ళని నేను తిట్టను. ఏడుగురం రాశాం.

మంగళవారం విచారణకి అధికారి వస్తున్నాడని ధర్మతేజ రిజిస్టరు బీరువాలోంచి తీసి బల్లమీద పెట్టించాడు. గురువారం తర్వాత అందులో ఒక్క అక్షరం లేదు. రెండింటికి ఏడుగురమూ ఒకేసారి లోపలికి వచ్చాం. భీముడు ఆ రోజు బస్సెక్కలేదు. పిల్లల్ని వరండాలో నిలబెట్టి ఒక్కొక్కడి పేరు పిలిచి, భుజం మీద చెయ్యి వేసి లెక్కపెట్టాం. చెయ్యి పడగానే ముగ్గురు ఉలిక్కిపడి తల కాచుకున్నారు. మా చేతుల సంగతి వాళ్ళకి తెలుసు కదా.

భీముడు చెబుతుంటే నేను కొత్త పేజీలో రాశాను. ఇరవై ఇద్దరు. నలుగురికి జ్వరం. ఒకడి వీపు మీద వాతలు. సుక్రు లేడు. గురువారం తెల్లవారుజామున చిన్నగదిలో చనిపోయాడు. సూపరింటెండెంటు చెబితే మేం బంధించాం. చూడకుండా క్షేమం అని రాశాం. కింద ఏడు సంతకాలు. జీవిత కిటికీలోంచి ఫొటో తీసుకుని కాగితాల సంచితో గేటు దాటింది.

ధర్మతేజ వచ్చి చదివాడు. పేజీ చింపి నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పోలీసులకి ఒక ఫోను, కాంట్రాక్టరుకి ఒక ఫోను. విచారణ అధికారి వాన ఎక్కువగా ఉందని రానేలేదు. పోలీసులు మాత్రం వానలోనే వచ్చారు. నిర్లక్ష్యం, దొంగ రికార్డు అని నన్నూ భీముణ్ణీ జీపెక్కించారు. మిగతా ఐదుగుర్నీ గేటు బయటికి నెట్టారు. బయట అప్పటికే సోములమ్మా, ఆమె ఊరివాళ్ళూ, మా ఊరివాళ్ళూ గొడుగుల్లేకుండా నిలబడి ఉన్నారు. వందమంది ఉంటారు.

మా స్థానంలో కాంట్రాక్టరు పంపిన నలుగురు కుర్రాళ్ళు వ్యాన్ దిగారు. ముందున్నవాడి పేరు ఉదయ్, కురుపాం వాడు. సంఘం గురించి వాడికేం తెలీదు. ధర్మతేజ వాడి ముందు రిజిస్టరు తెరిచి, "పైన ఎలా ఉందో అలాగే రాసి సంతకం పెట్టు" అన్నాడు. జీపు వరండా ముందే ఉంది, అంతా మాకు వినిపిస్తోంది.

"గుంటల్ని నానింకా సూడనేదు కద సార్. సూసినాక పెడతాను."

"సరే, కానీ తొందరగా."

ఉదయ్ వరండాలోకి వెళ్ళి లెక్కపెట్టాడు. ఇరవై రెండు దగ్గర ఆగాడు. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు. మళ్ళీ అక్కడే ఆగాడు. పుస్తకం దగ్గరికి వచ్చి, పేజీ చింపేశాక మిగిలిన ఆఖరి వరస మీద, నా సంతకం ఉన్న వరస మీద, వేలు పెట్టి, వానకి గొంతు పెంచి అడిగాడు.

"ఇందులో ఇరవై ముగ్గురున్నారు సార్. ఇరవై మూడోవాడేడి?"

ధర్మతేజ చెయ్యి జేబు మీదికి పోయింది. వాన చప్పుడులో గేటు అవతలినుంచి సోములమ్మ అడిగింది.

"అవును, ఇరవై మూడోవాడేడి?"

తర్వాత ఆనందమ్మ అడిగింది, తర్వాత ఆ వెనకున్నవాళ్ళు. ఉదయ్ పెన్ను మూసి బల్లమీద పెట్టేశాడు. డ్రైవరు జీపు స్టార్టు చేసి గేటు దాకా తెచ్చి, పక్కకి తప్పుకోండని హారన్ కొట్టాడు. ఒక్కరు కదల్లేదు.