నీళ్లు నిలవని తొట్టి

జపాన్ నుంచి మెర్లిన్ మేడమ్ తెచ్చినవన్నీ నేనే విప్పాను. నీలిమందు అద్దిన గుడ్డలు, లక్క పూసిన గిన్నెలు, పిక్కలదాకా కాళ్లు మునిగే చెక్క తొట్టి. ఆ తొట్టి మీద ఉన్న ప్రేమలో పిసరంత నా మీద ఉంటే, నా కూతురు షబానా తొలి కాన్పుకి నేను ఈపాటికి రాయచోటిలో ఉండేదాన్ని.

నెల ముందే అడిగాను. "నేను జపాన్ వెళ్లొచ్చాక వెళ్దువుగాని. పిల్లల్ని ఎవరు చూస్తారు?" అంది. ఈ ఒమన్ దేశంలో, సోహార్ ఆస్పత్రిలో నర్సు డ్యూటీ చేసి చేసి కాళ్లు లాగుతున్నాయట, అక్కడి వేడినీటి బుగ్గల్లో నానబెట్టాలట. నా కాళ్లు ఇనుముతో చేసినవి మరి! ఇక్కడ ఎండాకాలం కుళాయి తిప్పితేనే చేయి కాలుతుంది. ఈమెకి వేడినీళ్ల కోసం జపాన్ కావాలి.

వచ్చిన దగ్గర్నుంచి ఒకటే సోది. కొండల్లో పల్లెలు, పొగలు కక్కే బుగ్గలు. ఒక ముసలి వడ్రంగి ఒక్క మేకు కూడా కొట్టకుండా చెక్కలు పేర్చి, రాగి పట్టీ బిగించి ఆ తొట్టి చేశాడట.

"అక్కడ పనిచేసేవాళ్లకి ఎంత గౌరవమో తెలుసా జైనబీ!" అంది, నా చేత సూట్‌కేసులు మోయిస్తూ. "శుక్రవారం మా చర్చివాళ్లు తొట్టి చూడ్డానికి వస్తున్నారు. అదయ్యాక ఊరెళ్లు."

పని తెమిలితే త్వరగా పోవచ్చని, గురువారం తొట్టిని తోమి మేడ మీద ఎండలో బోర్లించాను. మా ఇళ్లలో కడిగిన ప్రతిదీ ఎండలోనే ఆరబెడతాం. సాయంత్రానికి చెక్కల మధ్య గోరు దూరేంత సందులు పడ్డాయి. నీళ్లు పోస్తే గదంతా మడుగు.

మేడమ్ మొహం కందగడ్డయింది. "కావాలనే చేశావు! నీ కడుపుమంట నాకు తెలీదనుకున్నావా? నీళ్లు పోస్తూ ఉంటే చెక్క ఉబ్బి మళ్లీ అతుక్కుంటుందని ఆ ముసలాయన చెప్పాడు. ఇందులో నీళ్లు నిలబడేదాకా నువ్వు కదలడానికి వీల్లేదు."

కావాలని చేయలేదు, ఒట్టు. కావాలని చేసేదాన్నయితే ఇంకా బాగా చేసేదాన్ని.

శుక్రవారం రావద్దని చర్చివాళ్లకి ఫోన్ చేసి చెప్పేసింది. నేను పొద్దున పోశాను, మాపున పోశాను. ఆదివారానికి కారడం కాస్త తగ్గింది. అప్పుడే షబానా ఫోన్ చేసింది. నొప్పులు మొదలై ఆస్పత్రిలో చేరింది.

"యాడుండావు మా? ఈడ అందరి తల్లులూ వచ్చినారు. నీకు వాళ్ల పిల్లోళ్లే ఎక్కువైపోయిరి. రావద్దులే ఇంగ!" అని ఏడుస్తూ పెట్టేసింది.

నా చేతిలో చెంబు ఉంది. చెంబు విసిరికొట్టి, వంటింట్లోంచి పచ్చడి నూరే బండ తెచ్చి రాగి పట్టీ మీద బలంకొద్దీ కొట్టాను. ఊడేదాకా కొట్టాను. చెక్కలన్నీ నేలమీద పడిపోయాయి.

డ్యూటీ నుంచి వచ్చిన మేడమ్ గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏం చేశావే రాక్షసీ!"

"ఇప్పుడు కావాలనే చేసినా," అన్నాను. "నీళ్లు నిలబడేదాకా అంటివి గదా మేడమ్. ఇంగ ఎప్పటికీ నిలబడవు. టికెట్టు తియ్."