ఆవకాయ జాడీ వెనక పడవ

నాగేశ్వరమ్మ కుడిచేతి చిటికెన వేలు వంకర. పెళ్ళయిన కొత్తలో గేదెలకు చొప్ప నరికే మిషనులో పడి ఎముక విరిగి, అలాగే అతుక్కుపోయింది. చూసినవాళ్ళు అయ్యో అనేవాళ్ళు గాని, మనవరాలు గీతాంజలికి మాత్రం ఆ వేలు పట్టుకుంటేనే నిద్ర. పాలు మానిన దగ్గర్నుంచీ అంతే. కొక్కెంలా వంగిన ఆ వేలికి తన పిడికిలి తగిలించి, కథ సగంలో ఉండగానే గుర్రు పెట్టేది. నాలుగో తరగతికి వచ్చినా ఆ అలవాటు పోలేదు.

పోయింది. వదినగారు వచ్చిన వారానికి పోయింది.

వదినగారంటే కోడలు సౌజన్య తల్లి స్వరాజ్యలక్ష్మి. విజయవాడలో టీచరుగా పనిచేసి రిటైరయింది. బుడమేరు పొంగిన ఏడాది ఆవిడ ఇంట్లోకి కిటికీల ఎత్తున నీళ్ళొచ్చాయి. గోడలు ఆరి, సున్నాలు వేసి, తలుపులు మళ్ళీ బిగించేదాకా తిరువూరులో ఉండమని అల్లుడు శశాంకే వెళ్ళి తీసుకొచ్చాడు. ఒక సంచిలో చీరలు, చేతిలో ఒక చెక్కబొమ్మ, అంతే ఆవిడ సామాను. నాగేశ్వరమ్మ గుమ్మం దాకా ఎదురెళ్ళి, ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చింది కూడా. అది దొంగ ఏడుపు కాదు. ముందుముందు ఇలా అవుతుందని అప్పుడు తెలియదు మరి.

ఆ బొమ్మ కొండపల్లిది. జానెడు పడవ, అందులో పసుపు తలపాగా చుట్టుకున్న పడవవాడు, వాడి చేతిలో తెడ్డు. దసరా కొలువులో ఏటా పై మెట్టు మీద ఉండేదట. ఇల్లు మునిగినప్పుడు మంచాలూ పుస్తకాలూ బురదపాలైపోతే, అదొక్కటి తేలింది.

"ఇల్లంతా తిరిగాడే వీడు. హాల్లోంచి పడగ్గదిలోకి, పడగ్గదిలోంచి వంటింట్లోకి. నీళ్ళు తీశాక చూద్దును గదా, గ్యాసు పొయ్యి మీద కూర్చున్నాడు. ఆకలేసినట్టుంది పాపం" అంది స్వరాజ్యలక్ష్మి.

గీత పడీపడీ నవ్వింది. నాగేశ్వరమ్మకూ నవ్వొచ్చింది. పిల్ల తనవైపు చూస్తుందేమోనని ఒక్క క్షణం ఆగింది. చూడలేదు. నవ్వు మింగేసుకుని లేచి వంటింట్లోకి పోయింది.

మర్నాడు సాయంత్రం స్వరాజ్యలక్ష్మి తన ఫోనులోంచి టీవీలోకి ఒక సినిమా పెట్టింది. ఎప్పటిదో పాత పిల్లల సినిమా, అరగంట కూడా లేదు. చెక్కబొమ్మ ఒకటి పడవలో కూర్చుని, వాగుల్లో నదుల్లో పడి, ఎక్కడెక్కడో చిక్కుకుని, మళ్ళీ బయటపడి, సముద్రం దాకా పోతుంది. దేశం మనది కాదు, మాటలు ఇంగ్లీషు. అమ్మమ్మ తెలుగులో చెబుతుంటే పిల్ల ఆవిడ ఒళ్ళో తలపెట్టుకుని రెప్ప వాల్చకుండా చూసింది.

"ఆ మంచులో వాడికి చలెయ్యదటే?" అంది నాగేశ్వరమ్మ ఉండబట్టలేక.

"ష్! నాయనమ్మా, మధ్యలో మాట్లాడకు."

"నీకు అర్థమైనట్టే!"

"అమ్మమ్మ చెబుతోందిగా."

అమ్మమ్మ చెబుతోంది. అమ్మమ్మ జడ వేస్తే బిగుతుగా ఉండదు. అమ్మమ్మ లెక్కలు చెబితే అర్థమవుతాయి. ఆ రాత్రి సినిమా గురించి మాట్లాడుకుంటూ గీత అమ్మమ్మ మంచం మీదే నిద్రపోయింది. తర్వాత అదే అలవాటైంది. నాగేశ్వరమ్మ వేలు పక్కబట్టల మీద ఊరికే పడి ఉండేది. పిల్ల నిద్రలో పక్కకి తిరిగి తడుముకుంటుందేమోనని అవతలి గది తలుపు కాస్త తీసి ఉంచేది.

సినిమా చూసిన పిల్ల ఊరుకుంటుందా? పడవవాణ్ణి కూడా సముద్రానికి పంపాలని పట్టుబట్టింది. మిగిలిన ఒక్క బొమ్మా ఇవ్వదులే అనుకుంది నాగేశ్వరమ్మ. స్వరాజ్యలక్ష్మి చటుక్కున ఇచ్చేసింది.

"వీడికి ఈత వచ్చుగా, పోనీ. ఊరి కాలువలో వేద్దాం, సముద్రంలో తేలతాడు" అంది భోజనాల దగ్గర.

వదినగారు ఎరిగినవి బెజవాడ కాలువలు. అవి కృష్ణలో బయల్దేరి సముద్రం వైపు సాగేవి. తిరువూరు వచ్చే సాగర్ కాలువ అలాంటిది కాదు. చీలికలై, పిల్లకాలువలై, బోదెలై, ఆఖరికి ఎవరో ఒకరి వరిమడిలో ఇంకిపోతుంది. సముద్రం చేరాలంటే కట్టలేరు వాగులో వెయ్యాలి. అది వైరాలో, వైరా మున్నేరులో, మున్నేరు కృష్ణలో కలుస్తాయి. ఎకరం పొలం ఉన్న ఎవరినడిగినా చెబుతారు. శశాంక్ ఉంటే చెప్పేవాడే. వాడు పత్తి పని మీద విస్సన్నపేట వెళ్ళాడు. పట్నంలో పెరిగిన సౌజన్యకు నీళ్ళ సంగతులు పట్టవు.

నాగేశ్వరమ్మ చెప్పబోయింది. పిల్ల అమ్మమ్మ చేతి ముద్ద నోట్లో పెట్టించుకుంటూ కనిపించింది.

"కాలువే మంచిదమ్మా. నీళ్ళు జోరుమీదున్నాయి" అంది.

పడవ అడుగున సౌజన్య వాడే గోళ్ళరంగుతో ఫోను నంబరు రాశారు, దొరికినవాళ్ళు చెబుతారని.

"ఎవరి నంబరే అది?"

"అమ్మమ్మది."

"నాది రాయకూడదా?"

"పచ్చది నొక్కమంటే ఎర్రది నొక్కుతావు నాయనమ్మా నువ్వు!"

అందరూ నవ్వారు. ఆదివారం పొద్దున కాలువ వంతెన మీంచి పడవవాణ్ణి వదిలారు. ఒక సుడి తిరిగి, నిటారుగా నిలబడి, తెడ్డు పట్టుకుని దర్జాగా వెళ్ళిపోయాడు. గీత గట్టు వెంట అంతదూరం పరిగెత్తింది. "పో, పో, ఎక్కడ ఇంకిపోతావో పో" అనుకుంది నాగేశ్వరమ్మ లోపల్లోపల. ఆ వారం నీళ్ళ వంతు ఎవరిదో ఆవిడకు ఆ కోపంలో గుర్తు రాలేదు.

మర్నాడు పొలానికి వెళ్ళేసరికి నీళ్ళు కట్టే అంతోనయ్య గట్టు మీద ముసిముసిగా నవ్వుతున్నాడు.

"అమ్మగారూ, మన చేలోకి చుట్టమొచ్చాడండి."

"ఎవరయ్యా?"

"తలపాగా ఉందండి. ఎంత పలకరించినా పలకట్లేదు."

తువ్వాల విప్పి చూపించాడు. పడవవాడే. తెడ్డుకి నాచు పట్టింది గాని మనిషి చెక్కుచెదరలేదు. ఆ వారం వంతు తమదే, తూము తెరిచి ఉంది, ఊళ్ళో ఇన్ని మళ్ళుండగా వాడు తిన్నగా నాగేశ్వరమ్మ మళ్ళోకే వచ్చాడు.

"ఎవరికీ చెప్పకు అంతోనయ్యా."

"నేను చెప్పినా ఎవరు నమ్ముతారండీ, బొమ్మ వచ్చి కలుపు తీస్తోందంటే."

ఇంటికి తెచ్చి, వంటింటి గూట్లో ఆవకాయ జాడీ వెనక పెట్టింది. ఆ జాడీ మీద ఇంకొకరు చెయ్యి వెయ్యరు. తడిచెయ్యి తగిలితే ఊరగాయ బూజు పడుతుందని కోడల్ని సైతం ముట్టుకోనివ్వదు ఆవిడ.

పడవ కబురు రాకపోతే అమ్మమ్మ గొప్ప తగ్గుతుంది, పిల్ల తనంతట తానే తన దగ్గరకొస్తుంది. ఇదీ నాగేశ్వరమ్మ లెక్క. లెక్క తప్పింది. కబురు రాని కొద్దీ గీత అమ్మమ్మ ఫోను పట్టుకుని, అమ్మమ్మ చెంగు పట్టుకుని, అమ్మమ్మ ఒళ్ళోనే ఏడ్చింది. నాగేశ్వరమ్మ అరిసెలు వండితే ఒకటి కొరికి వదిలేసింది. జాడీ వెనకవాడు ఆవిడకు పగలంతా తలపాగాతో సహా కళ్ళముందు మెదిలేవాడు.

అలా ఉండగా ఒకరోజు సాయంత్రం స్వరాజ్యలక్ష్మి ఫోను మోగింది. ఆవిడ స్పీకరు పెట్టింది.

"హలో, నేను బెజవాడ బ్యారేజీ దగ్గర చేపలు పట్టుకునేవాణ్ణండి. నా వలలో ఒక పడవ బొమ్మ పడిందండి, దానిమీద ఈ నంబరుంది..."

గీత ఎగిరి గంతేసింది. ఇల్లంతా పరిగెత్తింది. సౌజన్య చప్పట్లు కొట్టింది. నాగేశ్వరమ్మ మాత్రం చేటలో బియ్యం అలాగే వదిలేసి, గూట్లో జాడీ వైపు చూసి, వదినగారి వైపు చూసింది. ఆవిడ కళ్ళద్దాలు తీసి చెంగుతో తుడుచుకుంటోంది. మనిషికి అబద్ధం కొత్తలా ఉంది. మెడంతా ఎర్రబడింది.

దొరికింది! ఇన్నాళ్ళకు దొరికింది. ఆ జాడీ ఒక్కటి జరిపితే చాలు, టీచరమ్మ అబద్ధం బయటపడుతుంది. కానీ జాడీ జరిపితే దాని వెనక ఎవరి బండారం ఉందో కూడా బయటపడుతుంది. అబద్ధాన్ని పట్టుకున్నది తనొక్కతే, పట్టుకున్నానని చెప్పుకోలేనిదీ తనొక్కతే.

"కాలువలోంచి కృష్ణలోకి ఎట్లా దూకిందో వదినగారూ! గట్టి బొమ్మే" అంది.

"నీళ్ళే కదండీ, ఎక్కడో ఒకచోట కలుస్తాయి" అంది స్వరాజ్యలక్ష్మి బియ్యం వైపు చూస్తూ.

రెండురోజులు పిల్ల సంతోషంగా ఉంది. మూడోరోజు బడి నుంచి మొహం వేలాడేసుకుని వచ్చింది. శ్రీలలిత అనే పిల్ల వాళ్ళ నాన్న అన్నాడట, సాగర్ కాలువ కృష్ణలో కలవదని. గీత అమ్మమ్మ దగ్గరకు పోలేదు. తిన్నగా దొడ్లోకి వచ్చి, గోంగూర కోస్తున్న నాగేశ్వరమ్మ ముందు గొంతుక్కూర్చుంది.

"నాయనమ్మా, అమ్మమ్మ నన్ను ఏడవకుండా చెయ్యడానికి చెప్పిందేమో. ఇల్లు బాగైందని ఎల్లుండి తను విజయవాడ వెళ్ళిపోతోందిగా. నువ్వు కూడా వెళ్ళి, పడవని నువ్వు చూసి చెప్పు. నువ్వు చెబితే నమ్ముతా."

"నేనైతే ఎందుకే?"

"నువ్వు మొహం మీదే అనేస్తావుగా. పచ్చళ్ళో ఉప్పెక్కువైతే అమ్మతో అనేస్తావు, నాకు డాన్సు రాదని అనేశావు. నువ్వు అబద్ధాలు చెప్పవు."

ఎన్నాళ్ళ నుంచో అమ్మమ్మ కన్నా తనను ఒక్కమెట్టు పైన పెట్టమని ఆ పిల్లవైపు చూస్తూనే ఉంది నాగేశ్వరమ్మ. పెట్టింది. సరిగ్గా కాలు నిలవని మెట్టు మీద పెట్టింది. కోసిన గోంగూర మళ్ళీ కోయబోయి చెయ్యి ఆపుకుంది.

వియ్యపురాలు వెళ్ళేటప్పుడు ఊరగాయ పెట్టాలి కాబట్టి జాడీ దించింది. ఆవకాయ డబ్బాలోకి ఎత్తింది. జాడీ వెనకవాణ్ణి తీసి, సంచి అడుగున గుడ్డలో చుట్టి, పైన గోంగూర కట్టలు పరిచింది.

బస్సులో పక్కపక్క సీట్లు. సంచి ఇద్దరి కాళ్ళ మధ్య. ఎ.కొండూరు దాటింది. మైలవరంలో జామకాయలు కొన్నారు. కొండపల్లి దగ్గర కండక్టరు కేకేస్తుంటే స్వరాజ్యలక్ష్మి కిటికీలోంచి చూసి అంది.

"వాణ్ణి ఇక్కడే కొన్నామండీ. సౌజన్య పుట్టినప్పుడు." చూపు నాగేశ్వరమ్మ వైపు తిప్పి, "వదినగారూ, బ్యారేజీ దగ్గర ఎవరూ లేరు. ఫోను చేసింది మా చెల్లెలి మనవడు నవదీప్. పిల్ల ఏడుస్తుంటే చూడలేక... ఇప్పుడు మీకేం చూపించాలో తెలియట్లేదు. అలాంటి బొమ్మే ఇంకోటి కొందామా, ఇక్కడ దిగి?"

ఆ మాట తన చెవిన పడాలని ఎంత ఆశపడింది! పడ్డాక చూస్తే రుచి లేదు. నాగేశ్వరమ్మ వంగి, గోంగూర పక్కకి నెట్టి, గుడ్డ విప్పింది.

స్వరాజ్యలక్ష్మి చాలాసేపు చూసింది. పడవవాడి తలపాగా మీద ఎర్రటి ఆవకాయ నూనె మరక.

"ఎక్కడ?"

"మా మళ్ళో. ఆ మర్నాడే. సాగర్ కాలువ సముద్రానికి పోదని మొదటే తెలుసు నాకు. చెప్పలేదు."

"ఎందుకండీ?"

"ఎందుకేంటి? పిల్ల మీ మంచమెక్కింది."

స్వరాజ్యలక్ష్మి బొమ్మను తీసుకుని తలపాగా తుడిచింది. "ఇంట్లో వరదొస్తే పొయ్యి మీదకెక్కాడు. మీ చేతిలో పడితే ఊరగాయలో పడ్డాడు. వీడికి తిండియావ పోదు" అంది. నవ్విందో, కళ్ళే తడిశాయో నాగేశ్వరమ్మకు తెలియలేదు. బస్టాండు దాకా బొమ్మను ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది.

బ్యారేజీకి దిగువన రేవులో దిగారు. నాగేశ్వరమ్మ మోకాలి లోతు నీళ్ళలోకి వెళ్ళి పడవ వదిలింది. అది మెట్లవైపుకే వచ్చింది. మళ్ళీ నెట్టింది. ఆ నెట్టేటప్పుడే స్వరాజ్యలక్ష్మి ఫొటో తీసి సౌజన్యకు పంపింది. పడవవాడు ఈసారి ప్రవాహంలో పడి, ఒకసారి ఊగి, దిగువకు సాగిపోయాడు. ఇద్దరూ చూస్తుండగానే నాగేశ్వరమ్మ ఫోను మోగింది.

"నాయనమ్మా! నీ వేలు కనపడింది ఫొటోలో. నువ్వే పట్టుకున్నావుగా. మన పడవేనా? నిజంగా కృష్ణలోనే దొరికిందా?"

స్వరాజ్యలక్ష్మి ఔననమని తల గట్టిగా ఊపుతోంది. ఒక్క ఔనుతో ఇద్దరూ గట్టెక్కుతారు. నాగేశ్వరమ్మ ఫోను ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది.

"మన పడవే. కృష్ణలో దొరకలేదమ్మా. మన మళ్ళో దొరికింది. నేనే దాచాను. ఇప్పుడే వదిలాను, సముద్రం వైపే పోతోంది."

"మరి ఆ ఫోను చేసిందెవరు?" అంది పిల్ల.

నాగేశ్వరమ్మ వదినగారి వైపు చూసింది. ఆవిడ మెడ మళ్ళీ ఎర్రబడుతోంది.

"ఆ సంగతి మీ అమ్మమ్మనడుగు" అని ఫోను ఆవిడ చేతిలో పెట్టేసింది.

స్వరాజ్యలక్ష్మి అటు తిరిగి ఏదో నసిగింది. "ఔనే" అంది. "తప్పేనే" అంది. చాలాసేపు విన్నది. ఫోను పెట్టేసి రేవు మెట్టు మీద కూలబడింది.

"ఏమంది?"

"మీరు ఏ బస్సుకు బయల్దేరుతున్నారో కనుక్కోమంది. నిద్రవేళకు ఇంట్లో ఉండాలట. వేలు కావాలట."

"ఆ మాట నాతోనే చెప్పొచ్చుగా! మీతో చెప్పడం ఏంటి?"

"మీమీద అలిగిందటండీ. మాట్లాడదట. వేలు మాత్రం పట్టుకుంటుందట."

నాగేశ్వరమ్మ తడిసిన కుచ్చిళ్ళు పిండుకుంది. "అలక నా ఒక్కదాని మీదేనా?"

"నామీద కూడాను."

"ఎంత? నామీదున్నంతేనా?"

"అంతకంటే ఎక్కువే అనుకుంటానండీ."

నాగేశ్వరమ్మ ప్రాణం కాస్త కుదుటపడింది. ఆవకాయ డబ్బా, గోంగూర కట్టలు వదినగారి చేతికిచ్చి, డబ్బాలో తడి గరిటె పెట్టొద్దని రెండుసార్లు చెప్పి, తిరువూరు బస్సు కోసం గబగబా మెట్లెక్కింది.