పద్మనాభయ్య గడ్డిమోపు

ధనుర్మాసపు మంచులో నిలబడి పద్మనాభయ్య ఒక మాట అన్నాడు.

"ఈ ఏడు మబ్బుకు కడుపే రాలేదబ్బా. ఇంక శివరాత్రికి కానుపెట్టా అవుద్ది? నాటకం ఆరుబయటే ఆడించుకోండి. చినుకు పడితే నన్నడగండి."

చిట్టమూరుకు తూర్పున, సముద్రపు గాలి తగిలే ఆ ఊళ్లో వాన గురించి ఆయన మాటకు తిరుగు లేదు. పద్మనాభయ్య పేరులోనే నభం ఉంది, దీర్ఘం ఒక్కటే అడ్డం అనేవాళ్లు. నాటకాల పెత్తనం చేసే హజరత్తయ్య ఆ మాట మీదనే నెల్లూరు వెళ్లి నాటకం వాళ్లకు తాంబూలం ఇచ్చి వచ్చాడు. నూర్పిళ్లు ముగించిన రైతులు ఆ మాట మీదనే కళ్లాల్లో వడ్ల రాశులు కప్పకుండా వదిలేశారు.

శివరాత్రి పొద్దున ఈశాన్యంలో మబ్బు లేచింది.

పద్మనాభయ్యకు కాలు నిలవలేదు. రాశి కప్పితే పరువు పోతుంది, కప్పకపోతే ఏడాది తిండి పోతుంది. తలెత్తి చూద్దామన్నా వీల్లేదు, ఆయన తలెత్తితే ఊరంతా తలెత్తుతుంది. అందుకని పెరట్లో కుడితి తొట్టి మీదికి వంగి, అందులో కనబడే ఆకాశం చూసుకున్నాడు. కుడితిలో ఎప్పుడు చూసినా మబ్బే. కుడితిలో పడ్డ ఎలుకకూ ఆయనకూ తేడా ఒక్కటే, ఎలుక పడింది, ఆయన ఇంకా వంగే ఉన్నాడు.

భార్య వెంకటశేషమ్మ వాకిట్లోంచే అడిగింది. "ఏందయ్యా, గొడ్డు కుడితి నువ్వు తాగుతుండావా?"

"ఈగ పడిందేమోనని చూస్తుండా."

"నువ్వు చూడాల్సిన రాశి కళ్లంలో ఉండాది. పోయి కప్పుకో."

"కప్పితే ఊరేమనుకుంటది?"

"కప్పకపోతే వడ్లు మొలకలెత్తి నీ మొహం చూస్తాయి."

అక్కడా నిలవలేక పంచాయతీ రేడియో దగ్గరికి పోయాడు. కోస్తాలో అక్కడక్కడ జల్లులు పడవచ్చునని అది చెప్పింది. "అక్కడక్కడంటే ఎక్కడెక్కడ?" అని ఆయన దాన్ని నిజంగానే అడిగాడు. అది పాటల్లోకి పోయింది.

వెనక నిలబడ్డ హజరత్తయ్య నవ్వాడు. "నువ్వు దాన్నడుగుతుండావేందన్నా. అదే నిన్నడగాల."

ఆ మెప్పు ముల్లై గుచ్చుకుంది. మధ్యాహ్నానికి గాలి చల్లబడింది. వడ్లు తడవకముందే ఆయన తడబడ్డాడు. గడ్డిమోపు నెత్తికెత్తుకుని కళ్లానికి బయలుదేరాడు. దొడ్డిదారినే వెళ్లాడు గానీ, అంత మోపు ఏ దారిలో దాగుతుంది? కాసేపటికి ఊళ్లో ప్రతి రాశీ గడ్డి కప్పుకుంది. హజరత్తయ్య నాటకం వాళ్లను చిట్టమూరులోనే ఆపి వెనక్కి పంపమని సైకిలు మీద మనిషిని తోలాడు.

సాయంత్రానికి మబ్బు సముద్రం మీదికి జరిగిపోయింది. ఆకాశం తోమిన పళ్లెంలా ఉంది. ఒక్క చినుకు, తన నెత్తిన పడినా చాలు అని పద్మనాభయ్య ఇప్పుడు బాహాటంగానే తలెత్తి చూస్తున్నాడు. పడలేదు.

"నీ మాటే నిజమైందన్నా," అన్నాడు హజరత్తయ్య, ఖాళీ వేదిక మీద కూర్చుని. "ఊరంతా నమ్మినాం. నమ్మనోడివి నువ్వొక్కడివే."

ఇంటికొస్తే వెంకటశేషమ్మ తేల్చేసింది. "నీ పేరులో ఉండేది నభం కాదయ్యా, భయం. కప్పమన్నది నేనే, నిజమే. ఇప్పుడు పోయి ఆ గడ్డి తియ్, వడ్లు ఉక్కపోసి చెడిపోతాయి."

వెళ్లాడు. గడ్డి తీస్తూ తూర్పుకు చూశాడు, చూస్తూ ఆగాడు, ఆగి సగం అలాగే వదిలేశాడు.

తెల్లవారి ఊరంతా ఆ సగం కప్పిన రాశి చుట్టూ చేరి, వాన సంగతి ఏం చెప్పినట్టా అని తర్జనభర్జన పడుతోంది.