గొలుసు దారిలో ఒక్కొక్కరే

పరంజా మీంచి పడి కాలు విరగ్గొట్టుకుని ఏడాదైంది. కాలు అతుక్కుంది గానీ ధైర్యం అతుక్కోలేదు. మేస్త్రీ జాలిపడి నన్ను గేటు దగ్గర కాపలాకి కూర్చోబెట్టాడు. ఇరవై ఆరేళ్లు అంతస్తుల మీద ఇనపగొట్టాలు బిగించినవాడికి ఆ జాలి ఎంత చేదో నాకు తెలుసు. అందుకే ఆదివారం మా ఆవిడా, బావమరిదీ కొండెక్కుతామంటే నేనూ బయల్దేరాను. ఎత్తులో నిలబడగలనో లేదో తేల్చుకోవాలి.

"బావా, నువ్వు కింద నీడలో కునుకు తియ్యి. దిగొచ్చాక లేపుతాం," అన్నాడు బావమరిది. ఆఫీసులో కాగితాలు తిప్పే మనిషి, కాళ్లకి కొత్త బూట్లు.

"వాగకురా," అంది మా ఆవిడ.

చదువుకున్నవాళ్లకి జవాబు చెప్పడం మానేసి చాన్నాళ్లయింది.

కొండదారి చివర్లో నిటారు బండ. దాని పక్కన మేకులకి బిగించిన గొలుసు. సెలవు కదా, జనం విరగబడ్డారు. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఒకే గొలుసుకి వేలాడుతున్నారు. ముందెళ్లిన బావమరిది సగంలో బిగుసుకుపోయాడు.

"బావా, కాళ్లు రావట్లేదు!"

వెనకవాళ్లు "కదలవయ్యా" అంటూ నెడుతున్నారు. నా అరచేతులు తడిసిపోయాయి. అయినా సైటులో మూడో అంతస్తుకి వినపడే గొంతు ఎక్కడికి పోతుంది?

"నెట్టొద్దు! కిందివాళ్లు మెల్లగా దిగండి. పైవాళ్లు వెనక్కి పైకెక్కి ఆగండి. మేకుకీ మేకుకీ మధ్య ఒక్కరే!"

"చెప్పడానికి నువ్వెవరు?" అన్నాడో కళ్లద్దాలాయన.

"పడి చూసినవాణ్ణి."

కళ్లద్దాలు సర్దుకుని దిగాడు.

బావమరిది తప్ప గొలుసంతా ఖాళీ అయ్యాక చేతులు చొక్కాకి తుడుచుకుని ఎక్కాను. పనిలో ఎక్కినట్టే. రెండు చేతులు, రెండు కాళ్లు. మూడింటికి గట్టి పట్టు దొరికాకే నాలుగోది కదపడం. బావమరిది బూటు పట్టుకుని బండలో చెక్కిన గుంటలో పెట్టాను.

"ఇప్పుడు ఒక చెయ్యి పైకి."

"చస్తాను బావా!"

"నువ్వు చస్తే మీ అక్క నన్ను బతకనిస్తుందా? కదులు."

గుంట గుంటకీ తిడుతూ పైకి చేర్చాను. తర్వాత అక్కడే నిలబడి దిగేవాళ్లనీ ఎక్కేవాళ్లనీ వంతులవారీగా పంపాను. కింద నిలబడ్డ కళ్లద్దాలాయన కూడా వంతు కోసం నా మొహమే చూశాడు. మా ఆవిడ ఎవరి తోపులాటా లేకుండా దర్జాగా ఎక్కొచ్చింది.

శిఖరం మీద అంచుకి రెండడుగుల ఇవతల నిలబడి కిందికి చూశాను. మనుషులు చీమల్లా ఉన్నారు. ఇంకో అడుగు అంచు వైపు వేశాను.

"ఇక చాలు, ఇటు రండి," అంది మా ఆవిడ.

"ఉండవే," అన్నాను. "ఏడాదిగా నాకు బాకీ ఉన్న చూపిది."