మొదటి రౌండు ఒంటరిగా

గ్రేడన్ హ్లుష్కో పన్నెండేళ్లుగా చిన్న లీగుల్లో ఐస్ హాకీ ఆడుతున్నాడు. ఊరూరా తిప్పే జట్టు బస్సుల్లో పడుకుని పడుకుని అతని వెన్నెముక సీటు ఆకారానికి వచ్చేసింది. ముందు పళ్లు నాలుగు ఊళ్ల మంచులో పాతుకుపోయాయి. ఎండాకాలం వస్తే అవి మొలకెత్తుతాయేమోనని అక్కడివాళ్లు ఏటా చూస్తుంటారు. పెద్ద లీగులో మాత్రం ఒక్క ఆటా ఆడలేదు.

ఆ సాయంత్రం విన్నిపెగ్‌లో తొలిసారి పెద్ద లీగు ఆట ఆడేలా ఉన్నాడు. అక్కడి జట్టులో ఆడే థిబో చీలమండ గుమ్మడికాయంత వాచింది, అతని బదులుగా గ్రేడన్‌ని పిలిపించారు. అయినా వాడు తేలిగ్గా వదిలే రకం కాదు, ఆడేదీ లేనిదీ ఆటకు ముందు వార్మప్ వేళకి చెబుతానన్నాడు. థిబో ఆడితే గ్రేడన్ సూటు వేసుకుని పైన గ్యాలరీలో కూర్చుని పాప్‌కార్న్ నమలాలి. పొద్దున్నే మళ్లీ ఆ బస్సే ఎక్కాలి.

జట్టంతా వార్మప్‌కి మంచు మైదానం గేటు దగ్గర వరుస కట్టింది. థిబో ఒక్కడే లేడు. డాక్టరు గది తలుపు మూసే ఉంది.

"నువ్వు ముందు నడు తాతా," అన్నాడు కెప్టెన్ కీగన్. వాడికింకా మీసం కూడా సరిగ్గా రాలేదు.

"ముందు థిబో సంగతి తేలనీరా."

"అది తేలేసరికి నీకు పింఛనొస్తుంది. పద."

గ్రేడన్ మంచు మీదికి దూకాడు. వెనక ఏ చప్పుడూ లేదు. తిరిగి చూస్తే అందరూ గేటులోనే ఆగిపోయి నవ్వుతున్నారు. మొదటి ఆట ఆడేవాణ్ణి ఒక రౌండు ఒంటరిగా తిప్పడం అక్కడి ఆనవాయితీ. నెత్తి మీద జుట్టు పలచబడిన కొత్తవాడు స్టేడియం మొత్తం చూస్తుండగా తిరిగాడు.

రౌండు అయిపోయింది. ఇక వాళ్లు రావాలి. ఎవరూ కదల్లేదు. నవ్వులూ ఆగిపోయాయి. అందరూ వెనక్కి తిరిగి డాక్టరు గది వైపే చూస్తున్నారు.

ఆగితే తనే ఓడిపోయానని ఒప్పుకున్నట్టవుతుందనిపించింది గ్రేడన్‌కి. అందుకే ఆగలేదు. రెండో రౌండులో అతని గుండె చప్పుడుకి చుట్టూ ఉన్న అద్దాలు అదిరాయి.

మూడో రౌండు మలుపు తిరుగుతుంటే మైదానం చుట్టూ ఉన్న చెక్కగోడ పైన థిబో నడుము దాకా కనిపించాడు. నెత్తిన హెల్మెట్. ఒంటి మీద జెర్సీ. చేతులకు గ్లవ్స్, చంకలో హాకీ కర్ర. గ్రేడన్ నోట్లో పాప్‌కార్న్ రుచి తగిలింది.

కీగన్ గేటు తెరిచాడు.

థిబో కాళ్లకు రబ్బరు చెప్పులున్నాయి.

"ఎంత తోసినా స్కేటు బూటులోకి కాలు దూరట్లేదన్నా," అన్నాడు థిబో తల వంచుకుని. "నా చోట నువ్వు ఆడెయ్."

"ఇక ఆగు తాతా, కాస్త ఊపిరి ఆటకి దాచుకో," అని అరిచాడు కీగన్.

గ్రేడన్‌కి ఆగడం ఎలాగో గుర్తు రాలేదు. నాలుగో రౌండు కూడా మొదలుపెట్టాడు. ఈసారి వెనక నుంచి స్కేట్ల చప్పుడు వినిపించింది.