నువ్వు చూసుకుంటావులే

తిరగమోతలో ఆవాలు మాడిపోయాయి. "ఏ లోకంలో ఉంటుందో ఏమిటో" అంది అత్తగారు, గోడతో చెప్తున్నట్టు. కిరణ్మయి మూకుడు దించి కడిగి మళ్ళీ నూనె పోసింది. నిజమే, ఆమెకు వేరే లోకం ఒకటుంది. అక్కడ ఒక ఆలోచన సగం దాకా వస్తుంది. అంతలో కుక్కర్ కూస్తుంది, భర్త విష్ణువర్ధన్ టవలు అడుగుతాడు, కూతురు సాత్విక "మమ్మీ, మేరా టిఫిన్?" అంటుంది. ఆలోచన కాస్తా ఎటో పోతుంది. వరంగల్‌లో ఎంటెక్ చదివే రోజుల్లో ఒక లెక్క పట్టుకుంటే ఆదివారమంతా దానితోనే ఉండేది, మెస్‌లో భోజనాలు అయిపోయిన సంగతి కూడా తెలిసేది కాదు. ఇప్పుడు ఆమెకు నగల మీద ఆశ లేదు, చీరల మీద లేదు. ఒక్కటంటే ఒక్క ఆలోచనను మొదలుపెట్టి చివరిదాకా చూడాలని ఉంది. దూరాన ఉన్న మనిషి మీద పెట్టుకున్నట్టు దాని మీద బెంగ పెట్టుకుంది.

దేశ రాజధానిలో, వసంత్ కుంజ్‌లోని ఆ ఇంటికి ఎవరొచ్చినా విష్ణువర్ధన్ భార్య ఉద్యోగాన్ని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. "మావిడ బొమ్మలు గీస్తుందండీ, ప్రోగ్రామంతా మిషనే రాసేస్తుంది." అందులో కొంత నిజం లేకపోలేదు. కిరణ్మయి పనిచేసే గురుగ్రామ్ కంపెనీ ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. ఏది ఎలా ఉండాలో ముందు మోడల్‌గా గీస్తారు. ఆ మోడల్ చూసి జనరేటర్ అనే ప్రోగ్రాం కోడ్ రాసిపెడుతుంది. అయితే ఇల్లలకగానే పండగవుతుందా. నిరుడు పైవాళ్ళు ఆర్కిటెక్చర్ మార్చారు. అప్పటిదాకా ఉమ్మడి కాపురంలా ఉన్న సాఫ్ట్‌వేర్‌ను విడగొట్టి, బిల్లింగ్ చేత ఒకచోట, పేషెంట్ల వివరాల చేత ఇంకోచోట వేరుకాపురాలు పెట్టించారు. జనరేటర్‌ను మాత్రం ఎవరూ మార్చలేదు. అది ఇంకా అందరిదీ ఒకే వంటిల్లనుకుని కోడ్ రాస్తోంది. తెగిన చోటల్లా కిరణ్మయి చేత్తో అతుకుతుంది. మోడల్‌లో చిన్న మార్పు చేసి జనరేటర్‌ను మళ్ళీ నడిపారంటే ఆమె అతికినదంతా తుడిచిపెట్టుకుపోతుంది. మళ్ళీ కూర్చుంటుంది. పొద్దున తోమిన గిన్నెలు సాయంత్రానికి సింకులో ఎదురుచూసినట్టే.

ఆర్కిటెక్చర్ మారితే ఏ మోడళ్ళు చెడతాయో, జనరేటర్‌లో ఏవేవి తిరగరాయాలో విశ్లేషించి ఆమె ఒక రిపోర్టు తయారుచేసింది. ఆఫీసు క్యాబ్‌లో, సగం సగం ఆలోచనలను కలుపుకుంటూ. ఆ మరమ్మతు చేయడానికి తనకు ఆరు నెలలిమ్మంది. ఆరు నెలలూ అదే పని, ఇంకేమీ కాదు. తలుచుకుంటేనే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. మేనేజరు పృథ్వీరాజ్, హైదరాబాద్ వాడు, చెడ్డవాడేం కాదు, చాలా బాగుందన్నాడు. శుక్రవారం డైరెక్టర్ ముందు అది తనే చెప్తానన్నాడు. సొమ్మొకడిది సోకొకడిది అనుకుని ఆమె ఊరుకునేదే. కానీ అదే మీటింగులో సాఫ్ట్‌వేర్ నడిపి చూపించే డెమో కూడా ఉంది. అంతా చక్కగా నడుస్తుంటే మరమ్మతుకు ఆరు నెలలు ఎవరిస్తారు?

గురువారం మోడల్‌లో ఆఖరి మార్పులు చేసి జనరేటర్‌ను మళ్ళీ నడిపారు. చేత్తో అతికినదంతా పోయింది. కిరణ్మయి తిన్నగా పృథ్వీరాజ్ దగ్గరికి వెళ్ళింది.

"ఈసారి నేను దిద్దను పృథ్వీ గారూ. జనరేటర్ రాసింది రాసినట్టే చూపిద్దాం. అప్పుడే వాళ్ళకి తెలుస్తుంది."

అతను ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండా నవ్వాడు. "ఏం కాదు. నువ్వు చూసుకుంటవ్‌లే."

ఇంటికొచ్చేసరికి విష్ణువర్ధన్ హుషారుగా ఉన్నాడు. మర్నాడు రాత్రి వాళ్ళ ఆఫీసు జాయింట్ సెక్రటరీ గారు కుటుంబంతో భోజనానికొస్తున్నారట. గుత్తివంకాయ, పులిహోర, ఇంకా ఏవేవో చెప్పుకుంటూ పోయి, ఆమె మొహం చూసి, "ఏముంది, నువ్వు చూసుకుంటావులే" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఇన్నేళ్ళూ ఆ మాట మెచ్చుకోలనుకుంది. ఒకే రోజు ఇద్దరి నోటా వినేసరికి ఒళ్ళు మండింది.

"రేపు నాకు మీటింగుందండీ. అశోకా రోడ్‌లోని తెలుగు క్యాంటీన్ నుంచి భోజనాలు తెప్పించండి" అంది.

లోపలి నుంచి అత్తగారు ఏదో అంది. కిరణ్మయి వినిపించుకోకుండా వెళ్ళి సాత్విక యూనిఫాం ఇస్త్రీ చేసింది.

శుక్రవారం పృథ్వీరాజ్ డెమో మొదలుపెట్టాడు. పేషెంటు పేరు ఎక్కింది. బిల్లు నొక్కేసరికి తెర ఎర్రబడింది. వెనక్కి వెళ్ళి ఇంకోటి నొక్కాడు. అదీ అంతే. డైరెక్టర్ కుర్చీలో ముందుకు జరిగాడు. కిరణ్మయి ఎదురుగా ల్యాప్‌టాప్ ఉంది, కాసేపట్లో సరిచేసేయగలదు. అలవాటు కొద్దీ వేళ్ళు దాని మీదికి వెళ్ళాయి కూడా. వెనక్కి తీసుకుని చేతులు కట్టుకుంది.

పృథ్వీరాజ్ ఆమె వైపు వంగి, మిగతావాళ్ళకు తెలియకుండా తెలుగులో గొణిగాడు. "నిన్నటిదాంక మంచిగనే నడిచింది గదా. ఏమైంది?"

కిరణ్మయి లేచి నిలబడి, గదిలో ఉన్న వాళ్ళందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులో జవాబు చెప్పింది.

"నిన్నటిదాకా కూడా అది నడవలేదు. నేను నడిపించాను."